చిన్నాన్న పేరున్న బోను

చిన్నాన్నా,

నువ్వెలా ఉన్నావని అడగడానికి లేదు. నేనెలా ఉన్నానో చెప్పడానికి నాకు మొహం లేదు. నువ్వు వెళ్లి ఆరేళ్లు దాటింది. ఇన్నాళ్లూ నీతో మాట్లాడటానికి ఉత్తరం అక్కర్లేకపోయింది. కోర్టు మెట్లెక్కుతూ రెండు ముక్కలు, కేసు పోయిన రోజు జడ్జి గారి మీద నాలుగు తిట్లు... నోట్లోనే గొణుక్కునేదాన్ని. ఈసారి అలా తేలదు. కూర్చుని రాయాల్సిందే.

ముందు ఇంటి సంగతులు. పిన్ని బాగుంది. రెండో కంటికి కూడా ఆపరేషన్ చేయించాం. ఇప్పుడు టీవీ సీరియల్లో చీరల అంచులతో సహా కనిపిస్తున్నాయట. ఎవరి కట్టు ఎలా తగలడిందో రోజూ నాకు ఫోన్లో రిపోర్టు. గోపాలపట్నం ఇల్లు అలాగే ఉంది. నీ నల్లకోటు మాత్రం ఎవరికీ ఇవ్వనివ్వదు. కలరా ఉండలు మార్చి, దులిపి, మళ్లీ బీరువాలో పెట్టేస్తుంది.

ఆఫీసులో నీ కుర్చీలో నేనే కూర్చుంటున్నాను. మొదట్లో పక్క కుర్చీలోనే కూర్చునేదాన్ని. వచ్చినవాళ్లు ఖాళీ కుర్చీ చూసి, "లాయరు గారు లేరేటమ్మా, ఎప్పుడొస్తారు?" అని నన్నే అడిగి వెళ్లిపోతుంటే ఇక లాభం లేదని మారాను. నవ్వుకో. ఈ ఉత్తరంలో నువ్వు నవ్వుకోవడానికి ఇదే ఆఖరు.

మన లా కాలేజీ సంగతి చెప్పాలి. నువ్వు చదివిందీ అక్కడే, నీ వెనకాల నేను చదివిందీ అక్కడే. కిందటేడు ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేశారు. పిల్లలు సెక్షన్లు గడగడా చెప్తున్నారుగానీ కోర్టు గుమ్మం చూస్తే కాళ్లు వణుకుతున్నాయమ్మా, శనివారాలు వచ్చి విచారణ ఎలా నడుస్తుందో చేయించి చూపించగలవా అని. నేను ఎగిరి గంతేశాను. నువ్వెప్పుడూ అనేవాడివి కదా, నాకెన్నేళ్లొచ్చినా చిన్నపిల్లలా గుంటా అని పిలుస్తూ... "సదువిచ్చిన గుమ్మానికి దండమెట్టీసి ఊరుకుంటే సాలదే గుంటా, అప్పుడప్పుడెల్లి ఊడ్సి రావాల."

ఊడ్చి రావడానికే వెళ్లాను చిన్నాన్నా. నిజంగా ఆ బుద్ధితోనే వెళ్లాను.

అక్కడ ఓ పాత హాలు ఇచ్చారు. బెంచీలున్నాయి, జడ్జికి బల్ల ఉంది, సాక్షి నిలబడే బోను లేదు. బోను లేని కోర్టు ఏం కోర్టు? వన్‌టౌన్‌లో కరీం భాయ్ అని ఒకాయన ఉన్నాడు, కొయ్యపని బాగా చేస్తాడు. ఆయనతో టేకు బోను చేయించి ఇచ్చాను. చేస్తూ చేస్తూ ఆయన ఒక మాట అడిగాడు. లోపల కూర్చోడానికి చిన్న చెక్క వేయమంటారా మేడమ్, అని. సాక్షులు నిలబడాలి భాయ్, కూర్చోరు, అని నవ్వాను. నువ్వయితే వేయించేవాడివి. ముసలివాళ్లు బోనెక్కితే వెంటనే జడ్జి గారిని కుర్చీ అడిగేవాడివి, అవతలి పక్షం సాక్షికైనా సరే.

బోను ముందు ఇత్తడి రేకు కొట్టించాను. 'అడ్వొకేట్ సన్యాసినాయుడు గారి జ్ఞాపకార్థం' అని. ప్రారంభం రోజు శాలువా కప్పారు, ఫొటోలు తీశారు. నీ పేరు చూసి నా కళ్లు చెమర్చాయని పిల్లలంతా అనుకున్నారు. అసలు సంగతి చెప్పనా? ఫొటోలో ఏ పక్క నుంచి బాగా పడతానా అని చూసుకుంటున్నాను. కొత్త వెంకటగిరి చీర కట్టుకున్నాను మరి.

అదుగో, అక్కడే మొదలైంది నా పొంగు.

పిల్లలతో విచారణ చేయించాలంటే ఒక కేసు కావాలి. పుస్తకాల్లో ఉండే కేసులు చప్పగా ఉంటాయి. సొంత ఫైల్లోంచే ఒకటి తీశాను. అప్పలరాజు కేసు. నీకు గుర్తుందా? గుర్తుండే ఉంటుంది. నేను మరిచిపోయానుగానీ నువ్వు మరిచిపోయే మనిషివి కాదు.

మల్కాపురం మనిషి, పోర్టులో కలాసీ. భార్యని మోపెడ్ వెనకాల కూర్చోబెట్టుకుని హైవే మీద వస్తున్నాడు. మన గోపాలపట్నం దాటాక లారీ గుద్దింది. ఆవిడ అక్కడికక్కడే పోయింది. ఆయన నష్టపరిహారం కోసం ట్రిబ్యునల్‌కి వెళ్లాడు. నేను లారీకి ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ తరఫున. లారీ వాడిదే తప్పని అందరికీ తెలుసు. తప్పులో కొంత ఈయనకీ ఉందని చూపించడం నా పని.

క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగాను, లారీ దగ్గరికొచ్చినప్పుడు మీరెటు చూస్తున్నారని. "ఎనక్కి సూసేనమ్మా" అన్నాడు. అని, ఇంకేదో చెప్పడానికి నోరు తెరిచాడు. "అడిగినదానికే చెప్పండి, చాలు" అన్నాను. తర్వాత, "అంటే రోడ్డు చూడకుండా బండి నడిపారు. అవునా కాదా?" అన్నాను. ఆయన బోను కర్ర పట్టుకుని, "అవునమ్మా" అన్నాడు. నేను కూర్చున్నాను.

క్రాస్‌లో వంకరైన జవాబుని సరిచేసుకోవడానికి సొంత లాయరుకి మళ్లీ ఒక్క అవకాశం ఉంటుంది కదా. ఆయన లాయరుకి పక్క కోర్టులో ఇంకో కేసు పిలిచే వేళయింది. రీ-ఎగ్జామినేషన్ లేదు సార్, అని చెప్పి ఫైలు కట్టుకుని వెళ్లిపోయాడు. తీర్పులో తప్పు కొంత అప్పలరాజు మీద పడింది. కంపెనీ వాళ్లు నన్ను మెచ్చుకుని ఇంకా కేసులు పంపారు.

ఆ సాయంత్రం నేను నీ దగ్గరికి పరుగెత్తుకొచ్చాను. అప్పటికే నీ కాళ్లు పనిచేయడం మానేశాయి, కోర్టుకి రావడం లేదు. నువ్వు అన్నం తింటున్నావు. ఒక్క ప్రశ్నతో సాక్షిని ఎలా పడగొట్టానో చేతులు తిప్పుతూ చెప్పాను. అంతా విని నువ్వు ఒకటే అడిగావు.

"ఆ మనిషికి టీ ఇప్పించినావేటి?"

బార్‌లో అందరూ నవ్వుకునే నీ అలవాటు అది. ఎవరినైనా క్రాస్ చేసి, వాళ్ల సాక్ష్యం పూర్తయ్యాక వరండాలో కాచుకుని ఉండేవాడివి. రోడ్డుకి అవతల టీ బడ్డీకి తీసుకెళ్లి, రెండు గ్లాసులూ నువ్వే పట్టుకొచ్చేవాడివి. కేసు మాట ఎత్తేవాడివి కాదు. ఏ ఊరు, వానలు పడ్డాయా, పిల్లలేటి సదువుతన్నారు... అంతే. కొందరు తాగేవాళ్లు. కొందరు నీ మొహం మీదే తిట్టి వెళ్లేవాళ్లు. అప్పుడు రెండు గ్లాసులూ నువ్వే తాగేవాడివి. నాయుడు గారు కొట్టీసి వెన్న రాత్తారు, అని గుమాస్తాలు వేళాకోళం చేసేవాళ్లు.

నేనేమన్నానో కూడా గుర్తుందా? కంపెనీ తరఫున వెళ్లి అవతలివాళ్లకి టీ ఇప్పిస్తే బాగోదు చిన్నాన్నా, నీ రోజులు వేరు, అన్నాను.

నువ్వు మజ్జిగ పోసుకున్నావు. పిసుక్కున్నావు. అప్పుడన్నావు... "మూటిప్పినోడే మూట కట్టాలే గుంటా. నలుగురిలో ఇప్పీసి ఒగ్గీసి వచ్చీకూడదు."

ముసలాయన చాదస్తం అనుకున్నాను. కోపం తెచ్చుకోకు. అనుకున్నాను.

సరే, ఇప్పటి సంగతి. ఆ ఫైల్లో పేర్లు మార్చాను. అప్పలరాజుని రామారావు చేశాను, గోపాలపట్నాన్ని కాకినాడ రోడ్డు చేశాను. లాయర్లందరం చేసే పనే అది. పేరు మార్చేస్తే మనిషి మారిపోతాడని మన నమ్మకం. అక్కడితో ఆగినా బాగుండేది.

పిల్లలకి కేసు పరిచయం చేసిన శనివారం, క్రాస్ అంటే ఎలా ఉంటుందో చూపిద్దామని నేనే బోనెక్కాను. నీ పేరున్న బోను. భుజాలు జార్చాను. లేని తువ్వాలుతో మెడ తుడుచుకున్నాను. ఆయన గొంతు పెట్టి, ఆయన యాసలో, "ఎనక్కీ... సూసేనమ్మా..." అని సాగదీశాను.

హాలంతా ఘొల్లుమంది.

ఇంకోసారి అన్నాను. ఇంకా నవ్వారు. ఎవరి యాస చిన్నాన్నా అది? నువ్వు చచ్చేదాకా మాట్లాడిన యాస. పిన్నితో ఫోన్లో నేను రోజూ మాట్లాడే మాట. ఇంట్లో అమృతంలా ఉండేది, అక్కడ కామెడీ ఎలా అయిపోయింది నాకు?

మూడో బెంచీలో ఒక పిల్ల నవ్వలేదు. శ్రావణి అని, మూడో సంవత్సరం, ఒక్క శనివారం కూడా మానని పిల్ల. నలుగురిలో ఆ పిల్ల వైపు చూసి నేనేమన్నానో రాయాలంటే చెయ్యి రావడం లేదు. "ఏమ్మా, జోకు అర్థం కాలేదా?" అన్నాను. దానికీ నవ్వారు.

తర్వాతి శనివారం విచారణ. నేను జడ్జి. తేజ అనే కుర్రాడు సాక్షి రామారావు. కంపెనీ లాయరుగా ఇంకో అమ్మాయి. సాక్షి తరఫు లాయరుగా తను ఉంటానని శ్రావణి అడిగింది. సంతోషంగా ఇచ్చాను. ఒక్కొక్కళ్లకీ అప్పటి వాంగ్మూలం కాపీ ఇచ్చాను, చూసి చెప్పుకోండర్రా అని.

క్రాస్ నేను చేసినట్టే నడిచింది. ఆ అమ్మాయి "అడిగినదానికే చెప్పండి, చాలు" అని అచ్చం నా గొంతుతో అంది. నేను మురిసిపోయాను. అది నా ముఖానికి అద్దం పట్టడమని నాకప్పుడు తోచలేదు. తేజ తల వంచుకుని "అవునమ్మా" అన్నాడు. కాపీలో తర్వాతి లైను 'రీ-ఎగ్జామినేషన్ లేదు' అని ఉంది. లేదు, అంతే కదా, అని నేను ముగించబోయాను.

"ఉంది మేడమ్" అని శ్రావణి లేచింది.

లేచి, తేజ వైపు తిరిగి, చాలా మర్యాదగా అడిగింది. "రామారావు గారూ, మీరెందుకు వెనక్కి చూశారు?"

తేజ కాగితం తిప్పాడు. వెనక పేజీ చూశాడు. పాపం, అందులో ఎక్కడుంది? వాడు నా వైపు చూశాడు. వాడితో పాటు హాలంతా నా వైపు చూసింది.

నాకు తెలీదు చిన్నాన్నా. ఆయన ఎందుకు వెనక్కి చూశాడో నాకు తెలీదు. ఆ ఒక్క చూపు పట్టుకుని కేసు గెలిచాను, ఊరంతా చెప్పుకున్నాను, పాఠంగా చెప్పాను... ఎందుకు చూశాడన్నది ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు అనుమానమైనా రాలేదు. ఎలా రాలేదు?

జడ్జి కుర్చీలో ఉన్నాను కదా, బింకంగా, "రికార్డులో లేదమ్మా అది" అన్నాను.

"రికార్డులో ఎందుకు లేదు మేడమ్?" అంది.

అప్పుడా పిల్ల గొంతు మారింది. కాలేజీ మాట పోయి ఇంటి మాట వచ్చేసింది. "మా అమ్మ సీర సెంగు సక్రంలో పడిపోతాదని సూసేడు. సెంగు దోపుకోయే అని సెప్పడానికి ఎనక్కి తిరిగేడు మా నాన్న. అంతే మేడమ్" అంది. సంచీ భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయింది.

రామారావు అప్పలరాజు అని, ఆ అప్పలరాజు కూతురు నా మూడో బెంచీలో కూర్చుంటోందని పిల్లలకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నాకు వెంటనే అర్థమైంది. ఆ రోజు కోర్టు వరండా బల్ల మీద స్కూలు డ్రెస్సులో ఒక చిన్నపిల్ల కూర్చుని ఉండేది. క్రాస్ ముగించి ఆ పిల్ల ముందు నుంచే నడిచి వెళ్లాను, గౌను దులుపుకుంటూ.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాటేమిటో తెలుసా? "వాయిదా" అన్నాను. క్షమించమని కాదు, ఆగమ్మా అని కాదు... వాయిదా! అలవాటు చిన్నాన్నా. సిగ్గులేని నాలుక.

తర్వాత రెండు శనివారాలు శ్రావణి రాలేదు. మామూలు క్లాసులకీ రావడం లేదని తెలిసింది. చదువు మానేస్తుందేమోనని ఆ పిల్ల స్నేహితురాళ్లు గుసగుసలాడుకుంటుంటే విన్నాను. ఊడ్చి రమ్మన్నావు నువ్వు. నేను చేసిందేమిటి? చదువుకునే పిల్లని గుమ్మం బయటికి ఊడ్చేశాను.

ఆ రోజుల్లో నీతో ఎంత వాదించానో నీకు వినపడిందా? అడగడం నా పని, చట్టప్రకారం నేను తప్పు చేయలేదు, ఎందుకు చూశాడో చెప్పినా తీర్పు మారేది కాదేమో... ఇలా ఎన్నో. వాదించడం వచ్చు కదా మనకి. నిజమే, అడగడం నా పని. నవ్వించడం ఎవరి పని? దానికి మాత్రం నా దగ్గర ఏ సెక్షనూ లేదు.

చివరికి ఒక ఆదివారం పొద్దున్న మల్కాపురం వెళ్లాను. కోటు లేదు, కారు సందు మొదట్లోనే వదిలేశాను. రిఫైనరీ వాసన ముక్కులో పెట్టుకుని, ఇల్లు అడుక్కుంటూ నడిచాను. అక్కడ తిరిగి వచ్చేద్దామని కూడా అనిపించింది. అనిపించడమేమిటి, తిరిగాను కూడా. మళ్లీ వాళ్లింటి వైపే నడిచాను.

రేకుల ఇల్లు. గోడ పక్కన గోనెపట్టా కప్పి ఒక మోపెడ్ ఉంది. టైర్లు ఎప్పుడో చివికిపోయాయి. అప్పలరాజు గుమ్మంలో కత్తిపీట ముందు కూర్చుని చేపలు తోముతున్నాడు. తల ఎత్తి చూసి టక్కున గుర్తుపట్టేశాడు. "లాయరమ్మ గారు! రండమ్మా, రండి" అని లేచి, చేతులు కడుక్కుని, ప్లాస్టిక్ కుర్చీ తువ్వాలుతో తుడిచి వేశాడు. క్లాసులో నేను ఎగతాళికి నటించిన ఆ లేని తువ్వాలు ఇదే అనిపించి ఆ కుర్చీలో కూర్చోలేకపోయాను. కూర్చోకపోతే ఆయన బాధపడతాడని కూర్చున్నాను.

కూతురు క్లాసులో జరిగింది ఆయనకి చెప్పలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంట్లో ఉంటోందట. తలుపు పక్కన నిలబడి నా వైపే చూస్తోంది.

ఆయన ఎంత సంతోషంగా మాట్లాడాడో చిన్నాన్నా... "మా పాప మీ కాడే నేర్సుకుంటందమ్మా. నానే సెప్పేను. శనోరాలు మీరొత్తారని ఇది సెప్తే, ఆ అమ్మ కాడే నేర్సుకో, ఒక్క మాటతో నిజం లాగీసింది, సదువంటే అలగుండాల అని నానే పంపించేను."

నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది.

నిజం లాగేసిందట. ఏ నిజం? ఆయన నోటితోనే చెప్పాడు. "మీరడిగీదాకా నాకూ తెలీదు కదమ్మా. లారీ వోడే సంపేడు, లారీ వోడే సంపేడు అని ఊరంతా తిరిగేను. మీరడిగినాకే తెలిసొచ్చింది. నానే సంపీసినాను." చేపల గిన్నె మీద మూత సరిచేస్తూ అన్నాడు ఈ మాట, ఎప్పుడో అలవాటైపోయిన మాటలాగా. అందుకే బండి ముట్టుకోడట. పోర్టుకి నడిచే వెళ్తాడట.

నా మాట నమ్మాడు చిన్నాన్నా. కోర్టులో నేనన్న మాట, సాయంత్రానికి నేనే మరిచిపోయే మాట, దాన్ని తీసుకెళ్లి తన బతుకంతా పరుచుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మనిషి నన్ను గౌరవిస్తున్నాడు!

ఎక్కడ మొదలెట్టాలో తెలీక, తెలిసిన పనే చేశాను. "అప్పలరాజు గారూ, ఆ రోజు మిమ్మల్ని ఒక మాట అడగలేదు. అడగనివ్వలేదు కూడా. మీరెందుకు వెనక్కి చూశారు?" అన్నాను.

ఆయన కూతురి వైపు చూశాడు. మోకాళ్లు రాసుకున్నాడు. "కొత్త సీరమ్మా. గాలికి ఎగిరిపోతంది. సెంగు సక్రంలో పడితే ఇద్దరం పోతాం, దోపుకోయే అని సెప్పేను."

"దోపుకుందా?" అన్నాను. ఆ ప్రశ్న నేననుకుని అడిగింది కాదు. వచ్చేసింది.

"దోపుకుందమ్మా" అన్నాడు. "దోపుకుని నా బుజం మీద సెయ్యేసింది." అని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఏడుస్తూనే, "ఈ మాట నన్నెవురూ అడగనేదు" అన్నాడు.

మీరు చంపలేదని చెప్పాను. ఆవిడని కాపాడుకోవడానికి చూశారని చెప్పాను. ఆ 'అవును' మీది కాదు, మీ నోట్లో నేను పెట్టింది, దాన్ని నాకిచ్చేయండని చెప్పాను. ఆయనకి ఎంతవరకు ఎక్కిందో తెలీదు. ఇన్నేళ్లు మోసింది ఒక్క పొద్దుటితో దిగుతుందా?

రెండోది కూడా చెప్పాను. చెప్పకుండా వచ్చేద్దామని మనసు ఎంత లాగిందో. మీలా మాట్లాడి, మీలా నిలబడి, పిల్లల్ని నవ్వించానండీ అన్నాను. ఆయన తువ్వాలు మడత పెట్టుకుంటూ, "పోన్లెండమ్మా, పిల్లలు కదా, నవ్వుతారు" అన్నాడు.

అప్పుడు నోరు విప్పింది శ్రావణి. "పిల్లలు కాదు నాన్నా. ముందు మేడమే నవ్వింది."

అవును. ముందు నేనే నవ్వాను.

టీ పెట్టవే అని ఆయన రెండుసార్లు చెప్పాడు. ఆ పిల్ల కదల్లేదు. నేనైనా కదిలేదాన్ని కాదు. లేచి, నాతో వస్తారా, సందు చివర టీ బడ్డీ చూశాను, అని ఆయన్ని అడిగాను. మొహమాటపడ్డాడు. వచ్చాడు.

రెండు గ్లాసులూ నేనే పట్టుకొచ్చాను, నీలాగే. కేసు మాట ఎత్తలేదు. ఏ ఊరు మీది, పోర్టులో పని ఎలా ఉంది, చేపలు ఎక్కడ కొన్నారు... నీకు చేతనైనంత చక్కగా రాలేదు నాకు. గ్లాసు అందించబోతే టీ ఒలికింది. ఆయన గబుక్కున, "సెంగు దోపుకోండమ్మా, టీ పడిపోతాది" అన్నాడు.

దోపుకున్నాను. అలా తల వంచుకుని ఆ టీ ఎలా తాగానో నాకే తెలీదు.

ఇన్నేళ్లు ఆలస్యంగా ఇప్పించాను చిన్నాన్నా ఆ టీ. ఇది లెక్కలోకి వస్తుందా? నువ్వుంటే ఏమనేవాడివి?

నాకు ఇంకోటి కూడా తెలియడం లేదు. నేనెవరో మొదటి రోజే గుర్తుపట్టింది ఆ పిల్ల. అన్ని శనివారాలు నా ఎదురుగా కూర్చుని, నేను చెప్పింది రాసుకుంటూ, ఏమనుకుంటూ ఉండేది? తండ్రి పంపాడని వచ్చిందా? నేనెప్పుడైనా ఆ ప్రశ్న అడుగుతానేమోనని వచ్చిందా?

పోయిన శనివారం వచ్చింది. నమస్కారం పెట్టలేదు. మూడో బెంచీలోనే కూర్చుంది. ముందు నేను పిల్లలందరి ఎదుటా చేసిన తప్పు చెప్పుకున్నాను. ఎవరూ నవ్వలేదు. నవ్విన పిల్లలు కొందరు తలలు దించుకున్నారు. మీరు కాదర్రా, నేను, అని చెప్పాను.

క్లాసు అయిపోయే ముందు శ్రావణి చెయ్యెత్తింది. "వచ్చే వారం క్రాస్ నేను చేస్తాను మేడమ్. సాక్షి మీరు" అంది.

సరేనన్నాను. ఇంకేమంటాను?

ఆ శనివారం రేపే. అందుకే ఈ ఉత్తరం. భయంగా ఉంది చిన్నాన్నా. ఇన్నేళ్లుగా నల్లకోటు వేసుకుంటున్నానుగానీ ఆ వైపు నుంచి కోర్టుని ఎప్పుడూ చూడలేదు. ఏం అడుగుతుందో... 'నవ్వాలని ఎందుకనిపించింది?' అని అడిగితే? 'అడిగినదానికే చెప్పండి' అంటుందా? అననీ. ఆ పిల్లకి హక్కుంది. మంచి లాయరవుతుంది, చూస్తూ ఉండు.

బోనులో కూర్చోడానికి చెక్క లేదు, నేనే వద్దన్నాను కదా. కరీం భాయ్‌కి ఫోన్ చేశాను, వచ్చే వారం వచ్చి వేస్తానన్నాడు. నా తర్వాత ఎక్కేవాళ్లకి ఉంటుంది. రేపు మాత్రం నిలబడే ఉంటాను. నీ పేరు రేకు బయటివైపు ఉంది, లోపల నిలబడినవాళ్లకి కనిపించదు. ఆ పిల్లకి కనిపిస్తుంది. అది చాలు.

నా జవాబు వంకరైతే లేచి సరిచేయడానికి నువ్వు లేవు. కాబట్టి వంకర జవాబు చెప్పను. నీ మీద ఒట్టు. అయిపోయాక వరండాలో నిలబడతాను. ఆ పిల్ల నా వైపు వచ్చినా సరే, అటునుంచి అటే వెళ్లిపోయినా సరే, రెండు గ్లాసులు పట్టుకునే నిలబడతాను.

ఇట్లు,
నీ గుంట